బస్సెక్కే ముందు నీళ్ళు

ఏప్రిల్ 4, శుక్రవారం

ఇంజెక్షన్ వేయలేదు.

చీకటితో లేచి, మూడు గంటలు బస్సులో కూర్చుని, తుంటి పట్టుకుని దిగి, అంతస్తు ఎక్కి, రక్తం ఇచ్చి, గంటసేపు బెంచీ మీద కూర్చున్నాక, "ఈ రోజు కుదరదమ్మా" అని పంపేశారు. కిడ్నీ అంకె ఎక్కువ వచ్చిందట. ఆ అంకె ఎక్కువుంటే ఈ మందు ఎక్కించకూడదట.

సిస్టర్ అడిగింది. "నీళ్ళు బాగా తాగి రమ్మన్నానా లేదా?"

"తాగానండీ."

తాగలేదు. నిన్న సాయంత్రం నుంచి గుక్క నీళ్ళు దిగలేదు. బస్సెక్కే రోజు నేనే కాదు, మా వైపు ఏ ఆడమనిషీ తాగదు. మగవాళ్ళకేం, బస్సు ఎక్కడ ఆగితే అక్కడ ఓ గోడ దొరుకుతుంది. ఈ మాట సిస్టర్‌తో ఎలా అనను? పక్కనే సీసాలు సర్దుతూ ఓ మగమనిషి నిలబడి ఉన్నాడు.

"నొప్పి బిళ్ళలేమైనా వేసుకుంటున్నారా? మెడికల్ షాపులో కొన్నవి?"

"లేదండీ."

ఎర్రబిళ్ళ రోజూ వేసుకుంటున్నాను. తుంటికి. తుంటికే.

"పళ్ళెలా ఉన్నాయి?"

"బాగున్నాయి."

ఇక పాట మొదలుపెట్టింది. నెలనెలా అదే పాట. ఈ మందు ఎముకల్లోకి వెళ్ళి కూర్చుంటుందమ్మా, ఎముక విరక్కుండా పట్టి ఉంచుతుంది, అందుకే ఇస్తున్నాం. కానీ ఈ మందు వాడుతుండగా పన్ను పీకిస్తే కింద దవడ ఎముక మానదు, పుండు పుండులాగే ఉండిపోతుంది. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తే ముందు ఈ మందు సంగతి ఆయనకి చెప్పాలి, మాకూ చెప్పాలి. కాల్షియం బిళ్ళ మానకూడదు. నీళ్ళు తాగాలి. నేను తలూపాను. నా వెనక కూర్చున్న మా అత్తయ్య నాకంటే గట్టిగా తలూపింది.

వచ్చే శుక్రవారం మళ్ళీ రమ్మన్నారు. ఎముక మెత్తబడిందని, ఇంజెక్షన్ తప్పితే కుట్టుమిషన్ తొక్కుతుంటేనే తుంటి విరగొచ్చని చెప్పిన డాక్టరే, ఓ వారం ఆగితే ఏం కాదులే అన్నాడు. ఏ మాట నమ్మను?

తిరుగు బస్సులో కాస్త కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి అత్తయ్య పక్క సీటామెకి నా ఆపరేషన్ దగ్గర్నుంచి మొదలుపెట్టి రొమ్ము దాటి తుంటి దాకా వచ్చేసింది. ఆవిడ నా వైపు ఎలా చూసిందో రాయను.

ఏప్రిల్ 5

మా ఆయన ఎవరిదో బోరు మోటారు విప్పి, ఒంటినిండా గ్రీజుతో వచ్చారు. జరిగింది చెప్పాను.

"నీళ్ళు లేకుండా మోటారు వేస్తే ఏమవుతుంది? కాలిపోతుంది. కిడ్నీ అయినా అంతేనే" అన్నారు.

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఏ రోగానికైనా ఈయన దగ్గర మోటారే ఉంది. బస్సులో బాత్రూం బిగించగలరా అని అడిగాను. ఆలోచనలో పడ్డారు. నిజంగానే ఆలోచిస్తున్నారని తెలిసి ఇంకా ఒళ్ళు మండింది.

ఏప్రిల్ 7, సోమవారం

స్కూలు యూనిఫారాలు. చొక్కాలు అయ్యాయి, గౌనులు మొదలుపెట్టాలి. హెడ్‌మాస్టరమ్మ ప్రతి ఏడాదీ నాకే ఇస్తుంది. నడుం నొప్పని చెప్పాను. ఊరందరికీ నడుం నొప్పే. ఆపరేషన్ అయినప్పుడు గర్భసంచి అని చెప్పాం. ఆ ఒక్కటి తెలిస్తే గుడ్డ తెచ్చేవాళ్ళు గుమ్మంలోంచే మళ్ళుతారు. అది అంటుకోదని తెలిసినవాళ్ళు కూడా, "పాపం, ఆవిడకెందుకు శ్రమ" అని వేరే చోటికి పోతారు. రెండూ ఒకటే నాకు.

సాయంత్రం రేడియో వదిన వచ్చింది, కర్టెన్లు కుట్టాలని. ఈవిడ పళ్ళ డాక్టరు దగ్గర కౌంటర్లో పనిచేస్తుంది. అక్కడ కూర్చుని ఊళ్ళో ఎవరి నోట్లో ఏముందో మొత్తం ప్రసారం చేస్తుంది కాబట్టి ఆ పేరు. నాకంటే రెండేళ్ళు పెద్దది, అయినా నన్ను వదినా అంటుంది, నేనూ వదినా అంటాను.

"శుక్రవారం కనబళ్ళేదే వదినా? తాళం వేసుంది."

నేను నోరు తెరిచేలోపు అత్తయ్య, "ఇంజెక్షన్..." అంది.

"అత్తయ్యకి" అన్నాను. "మోకాళ్ళకి."

అత్తయ్య నా వైపు చూసి, కుంటుతూ లోపలికి వెళ్ళింది. కుంటడం ఆవిడ సొంతంగా చేర్చింది. అదీ నొప్పి లేని కాలితో.

వదిన వెళ్ళాక గొడవైంది.

"నా రోగం నాది. మీకు కబుర్లు కావాలంటే మీ మోకాళ్ళ గురించి చెప్పుకోండి."

"దాస్తే తగ్గుతుందా?"

"చెప్తే తగ్గుతుందా? ఇంకెక్కడా, ఎవరి దగ్గరా నోరెత్తనని మాటివ్వండి. డాక్టరయినా సరే, నేను చెప్తాను, మీరు కాదు."

"సరే."

"సరే కాదు. మాటివ్వండి."

"ఇచ్చాను పోవే. ఇక నా నోరు కుట్టేసినట్టే అనుకో."

అత్తయ్య అన్నం పెట్టి వెళ్ళి పడుకుంది.

ఏప్రిల్ 8

పన్ను ఏం కాదు. చల్లనీళ్ళు తగిలితేనే.

ఏప్రిల్ 9

గోరువెచ్చని నీళ్ళయితే ఏమీ లేదు. ఎడమ వైపు నుంచి తాగితే అసలేమీ లేదు. ఎర్రబిళ్ళ మానేశాను. అంటే, పగలు మానేశాను.

ఏప్రిల్ 11, శుక్రవారం

ఈసారి నీళ్ళు తాగాను. రాత్రి తాగాను, లేచి తాగాను, బస్సెక్కే ముందు సీసా ఖాళీ చేశాను. సగం దారి కూడా రాలేదు, పని అయిపోయింది. కాలు మీద కాలు వేసుకుంటే తుంటి ఊరుకోదు, తీస్తే రెండోది ఊరుకోదు.

అత్తయ్య నా మొహం చూసి చెవిలో అంది. "డ్రైవర్ని ఆపమంటాను."

"వద్దు."

"ఏం, దొంగతనమా?"

"ఎందుకు ఆపాలని అడుగుతాడు. ఏం చెప్తారు? ముందు సీట్లో ఎవరున్నారో చూశారా?" మా వీధి చివరి కిరాణా ఆయన ఉన్నాడు.

ఆవిడ లేవబోయింది. చెయ్యి పట్టుకుని గిల్లాను. గట్టిగానే. నోరు తెరవలేదు, మాటిచ్చింది కదా.

మధ్యలో ఓ పెద్ద స్టాండు వస్తే దిగిపోయాం. ఆడవాళ్ళ దొడ్డికి తాళం. తాళంచెవి ఉన్నామె టీకి వెళ్ళిందట. ఆమె తాపీగా వచ్చి తాళం తీసేసరికి మా బస్సు వెళ్ళిపోయింది. తర్వాతది ఎంతకీ రాలేదు. వచ్చినదానికి కూడా దారిలో టైరు పంక్చరు.

ఆసుపత్రికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. రక్తం తీశారు. అంకె బాగుందట. కానీ ఆ వేళకి కొత్తగా సీసాలు ఎక్కించడం మొదలుపెట్టరట. పావుగంటలో ఎక్కే సీసాయే కదా అని అడిగాను. ముందూ వెనకా చూసుకోవాలమ్మా, హడావిడిగా ఎక్కిస్తే కిడ్నీకే దెబ్బ అంది సిస్టర్. నీళ్ళు లేని రోజు టైముంది, నీళ్ళున్న రోజు టైము లేదు.

మళ్ళీ వచ్చే శుక్రవారం. పళ్ళ గురించి ఈసారి అడగలేదు. నేనూ చెప్పలేదు. అడిగితే చెప్పేదాన్ని.

ఏప్రిల్ 13

బుగ్గ కాస్త ఉబ్బింది. తలగడ ఒత్తుకుని ఉంటుంది.

ఏప్రిల్ 14

తలగడ కాదు.

పన్ను సంగతి ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్తే శుక్రవారం కూడా వద్దంటారు. పన్ను నయమయ్యాక రమ్మంటారు. అప్పటికి తుంటి ఏమవుతుంది, గౌనులేమవుతాయి? అదే ఇక్కడే ఎవరికీ తెలియకుండా తీయించేస్తే శుక్రవారానికి మామూలు అయిపోతుంది. దవడ మానదని సిస్టర్ అందరికీ చెప్తుంది. అందరికీ అవుతుందా? ఏ వెయ్యిమందిలోనో ఒకరికి అవుతుంది.

ఏమైనా, రేపు వెళ్ళేది చూపించుకోవడానికే. పీకించుకోవడానికి కాదు.

ఏప్రిల్ 15, మంగళవారం

వరసగా రాయాలి. 

అత్తయ్య వస్తానంది. వద్దన్నా వచ్చింది. రేడియో వదిన కౌంటర్లో నా బుగ్గ చూసి, "అయ్యో వదినా, సజ్జ మూటలా ఉందే!" అని వరసలో ముగ్గురిని దాటించి లోపలికి పంపింది. తలుపు వేయలేదు. ఆ గదికి తలుపు ఎప్పుడూ వేయరు, ఏసీ లేదు.

పళ్ళ డాక్టరు మెత్తటి మనిషి. కుర్చీ వెనక్కి వాల్చి లైటు వేసి చూశాడు. ముందు పళ్ళు చూసి నవ్వాడు.

"దారం పంటితో కొరుకుతారా?"

నోరు తెరిచుంది కాబట్టి కళ్ళతో అవునన్నాను.

"గాటు పడిపోయింది. ఏ టైలరు నోరు చూసినా ఇదే. ఇదిగో, వెనక దంతం చీలింది. గుండీ కూడా కొరుకుతారా ఏంటి?"

గుండీ కాదు. మందపాటి గుడ్డకి ముడి బిగించేటప్పుడు వెనక పంటితో లాగుతాను. ముప్ఫై ఏళ్ళ అలవాటు.

"ఇది తీసేస్తే సరి. రెండు నిమిషాల పని. బీపీ, షుగర్ ఉన్నాయా?"

"లేవు."

"ఏమైనా మందులు వాడుతున్నారా? ఏ డాక్టరైనా, ఏదైనా?"

బయట స్టాప్లర్ చప్పుడు ఆగింది. రేడియో వదిన వింటోంది.

"లేదండీ" అన్నాను.

ఆయన మత్తు సూది తీసి, మందు లాగి, గాలి పోయేలా ఓ చుక్క పైకి చిమ్మాడు. నేను అత్తయ్య వైపు చూశాను. మూల స్టూలు మీద కూర్చుని, పైట కొంగు పెదాలకి అడ్డంపెట్టుకుని ఉంది. ఎప్పుడూ ఆగని మనిషి. బస్సులో ముక్కూమొహం తెలియని ఆడదానికి నా ఒళ్ళంతా విప్పి చెప్పిన మనిషి. ఇప్పుడు అను, ఇప్పుడు కదా అనాలి అనుకున్నాను. అనలేదు. లేచి నిలబడి, "నేను బయట ఉంటాను బాబూ, నా వల్ల కాదు" అని డాక్టరుతో చెప్పి, గోడ పట్టుకుంటూ వెళ్ళిపోయింది.

నాకెంత కోపం వచ్చిందో చెప్పలేను. నేను తీసుకున్న మాట నా మీదే నిలబెట్టి పోయింది.

"నోరు తెరవండమ్మా."

తెరిచాను. సూది బుగ్గ దగ్గరికి వచ్చింది.

"ఆగండి" అన్నాను.

"సూదికి భయమా?"

"ఓ ఇంజెక్షన్ వేయించుకుంటున్నాను. నెలకోసారి. ఎముకలకి. సీసాలో ఎక్కిస్తారు. పేరు నాకు నోరు తిరగదు, జో అని మొదలవుతుంది."

ఆయన చేయి గాల్లో ఆగిపోయింది. "జోలెడ్రానిక్ యాసిడా?"

"అదే."

"ఎందుకిస్తున్నారు?"

చెప్పాను.

ఆయన సూది ట్రేలో పెట్టేశాడు. లైటు పక్కకి తిప్పి కుర్చీ పైకి లేపాడు. ఆ మెత్తటి మనిషి గొంతు బయటి రోడ్డు దాకా వినబడింది. "ఇప్పుడే కదమ్మా అడిగాను! ఏ మందూ లేదన్నారు! ఇంకో నిమిషం ఆగితే పన్ను నా చేతిలో ఉండేది, ఆ దవడ ఎవరు మాన్పుతారు? మీరా? నేనా?"

కొంగుతో మూతి తుడుచుకున్నాను. 

తర్వాత ఆసుపత్రి నంబరు తీసుకుని అక్కడి డాక్టరుతో చాలాసేపు మాట్లాడాడు. పన్ను పీకడు. లోపలి నరం తీసి, శుభ్రం చేసి మూసేస్తాడట. పన్ను మొదలు దవడలోనే ఉంటుంది, ఎముకకి పుండు పడదు. రెండు మూడుసార్లు రావాలి. చీముకి మాత్రలు రాశాడు. ఎర్రబిళ్ళ చూపిస్తే చేతిలోంచి లాక్కుని చెత్తబుట్టలో పడేశాడు. బుగ్గ పూర్తిగా తగ్గి, ఇద్దరు డాక్టర్లూ సరే అనేదాకా ఇంజెక్షన్ లేదు.

ఏది జరక్కూడదని ఇదంతా చేశానో అదే జరిగింది.

బయటికి వస్తే రేడియో వదిన నా మొహంలోకి చూడలేదు. చీటీ మీద తేదీ వేసి ఇచ్చింది. ఒక్క మాట లేదు. అత్తయ్య మెట్ల మీద కూర్చుని ఉంది.

"పీకేశాడా?"

"లేదు. చెప్పాను."

"నేను చెప్పలేదు. చూశావుగా?"

"చూశాను."

"మళ్ళీ నన్ననకు."



ఏప్రిల్ 18, శుక్రవారం

ఇంజెక్షన్ రోజు. ఇంట్లోనే ఉన్నాను.

ఏప్రిల్ 19

మూడు రోజులు మౌనవ్రతం పట్టిన రేడియో పనిచేయడం మొదలుపెట్టింది. కిరాణా ఆయన భార్య అరటిపళ్ళు తెచ్చిచ్చింది. ఎందుకని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఏప్రిల్ 21, సోమవారం

హెడ్‌మాస్టరమ్మ వచ్చింది. కుర్చీ తుడిచి వేశాను. గౌనుల గుడ్డ సగం వెనక్కి తీసుకెళ్ళింది. "మీకు శ్రమ కదండీ, ఆరోగ్యం ముఖ్యం" అంది. చాలా మర్యాదగా. గుడ్డ మడతపెట్టి ఇచ్చాను. సంచిలో నేనే సర్దాను.

ఆయన విని, "సగం ఉంచింది కదా" అన్నారు. ఉంచింది. నేను కావాలన్నది సగం కాదు.

ఏప్రిల్ 24

రెండోసారి పన్ను పని. నొప్పి లేదు. పళ్ళ డాక్టరు ఇప్పుడు గదిలో అడుగుపెట్టగానే, "ఈ వారం ఏం దాస్తున్నారు?" అని అడుగుతున్నాడు.

కర్టెన్లు తీసుకెళ్ళడానికి రేడియో వదిన వచ్చింది. చాలాసేపు కుట్టు చూసింది. తర్వాత అంది. "మా పెద్దాడపడుచుకీ ఇదే వదినా. పోయిన ఏడాది. బయట ఎక్కడా అనలేదు."

"నువ్వా? అనలేదా?"

"దాని సంగతి అనలేదు" అంది. నా సంగతి గురించి ఏం అనలేదు.

ఏప్రిల్ 27

దారం కొరకబోతే నోటికి ఏదో తగిలింది. కత్తెర. అత్తయ్య చిన్న కత్తెరకి నాడా కట్టి మిషన్ దీపానికి వేలాడేసింది, సరిగ్గా నా నోటి ఎత్తులో. తీసేశాను. అన్నం తిని వచ్చేసరికి మళ్ళీ అక్కడే ఉంది.

ఏప్రిల్ 28

ఇంకా అక్కడే ఉంది. పనికి అడ్డం.

మే 3

పన్ను మూసేశాడు. ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకున్నారు. తొమ్మిదిన రమ్మన్నారు. మెట్టు దిగుతుంటే తుంటిలో కలుక్కుమంది. గోడకి ఆనుకుని కాసేపు నిలబడ్డాను. ఎవరూ చూడలేదు.

అత్తయ్య చూసింది.

మే 9, శుక్రవారం

అత్తయ్య పొద్దున్నే ఎదురుగా కూర్చుని నీళ్ళు తాగించింది. గ్లాసు మీద గ్లాసు. బస్సులో మళ్ళీ సీసా తీసింది.

"చాలు అత్తయ్యా."

"తాగు."

అదే బస్సు, అదే సగం దారి. కాలు మీద కాలు వేశాను, తీశాను. బయటికి చూశాను. ఈసారి గిల్లడానికి నా చేయి లేవకముందే ఆవిడ లేచి నిలబడింది. మోకాళ్ళ నొప్పులు ఏమయ్యాయో, కడ్డీ పట్టుకుని ముందుదాకా వెళ్ళిపోయింది.

"డ్రైవరు బాబూ, బస్సాపు!"

"ఇక్కడ స్టాపు లేదు పెద్దమ్మా."

"స్టాపు కోసం కాదయ్యా. నా కోడలికి కేన్సరు. ఎముకల ఇంజెక్షన్‌కి తీసుకెళ్తున్నా. నీళ్ళు తాగకపోతే వేయరు, లీటరున్నర తాగించాను. ఇప్పుడు ఆపుతావా, నీ సీటు తడపమంటావా?"

ఈ మాట నేను ఇంట్లో కూడా పైకి అనలేదు. బస్సు బస్సంతా తిరిగి నన్ను చూసింది. కిటికీలోంచి దూకగలిగితే దూకేదాన్ని.

డ్రైవరు కొంచెం ముందుకెళ్ళి పెట్రోలు బంకులోకి తిప్పి ఆపాడు. కండక్టరు దిగి, బంకు వాళ్ళనడిగి తాళంచెవి తానే తెచ్చాడు.

తల దించుకుని దిగాను. నడుస్తుంటే వెనక చెప్పుల చప్పుడు. అత్తయ్య అనుకున్నాను. కాదు. బస్సులోంచి ఇంకో ఆరుగురు ఆడవాళ్ళు దిగి, నా వెనక వరసలో నిలబడ్డారు. ఒకామె చంకలో పిల్ల.  మగవాళ్ళు బస్సులో కూర్చుని గడియారాలు చూసుకున్నారు.

అంకె బాగుంది. టైమూ బాగుంది. "పళ్ళు?" అంది సిస్టర్. జరిగింది మొత్తం చెప్పాను. ఎర్రబిళ్ళతో సహా. ఆవిడ చాలాసేపు తిట్టింది. తిడుతూనే నరం వెతికి సూది గుచ్చింది. పావుగంటలో సీసా అయిపోయింది. ఇంతేనా అనిపించింది. దీనికోసమేనా ఇదంతా.

రాత్రికి జ్వరం రావచ్చంది. ఇంకా రాలేదు.

తిరుగు ప్రయాణానికి స్టాండులో నిలబడి ఉంటే, పొద్దున్న పిల్లని చంకనేసుకున్నామె మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. నన్ను కాదు, అత్తయ్యని అడిగింది.

"పెద్దమ్మా, మళ్ళీ ఎప్పుడు వెళ్తారు మీరు? మా అక్కకీ టౌన్లో పనుంది, ఆ బస్సుకే రమ్మంటాను."

"జూన్ ఆరు, మొదటి బస్సు" అని అత్తయ్య చెప్పేసింది. నన్ను ఒక్క మాట అడగలేదు.